కాలనీకంతా ఒకటే నంబరు

ఆ పొద్దున ఆకాశం నల్లమల వైపు నుంచి మూసుకొచ్చి, కురవకుండా నిలబడిపోయింది. గాలి లేదు. మబ్బు నీళ్ళలో పడుకున్న గేదె మాదిరి కదలటం లేదు. పత్తి గింజలు పెట్టినవాళ్ళు గడపల్లోకి వచ్చి, పైకి చూసి, మళ్ళీ లోపలికి పోతున్నారు.

జ్ఞానయ్య కూడా ఒకసారి చూశాడు. ఆ రోజు అతనికి వానతో పని లేదు. సాయంత్రం ఆరు లోపల కూతురు వందన చేత కంప్యూటర్లో కాలేజీలు పెట్టించాలి. అదే ఆఖరి రోజు.

వందన పదో తరగతి ప్యాసై పాలిటెక్నిక్ పరీక్ష రాసింది. ర్యాంకు బాగా వచ్చింది. ఇక ఏ కాలేజీ కావాలో వరసగా పెట్టుకోవాలి. పైన పెట్టింది దొరికితే కిందవాటితో పని లేదు. పిల్లకు కావలసింది ఒకటే, గుంటూరులో ఆడపిల్లల పాలిటెక్నిక్. అక్కడ హాస్టలు ఉంది. ఆ ర్యాంకుకు సీటు వచ్చి తీరుతుందని బళ్ళో సైన్సు టీచరు చెప్పింది.

గుంటూరులో సాల్మన్ రాజు ఉన్నాడు, జ్ఞానయ్య భార్య సారమ్మ తమ్ముడు. అక్కడ ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. పోయిన ఆదివారం ఊరికి వచ్చి, మందిరంలో ప్రార్థన అయ్యాక బావను పక్కకు పిలిచాడు.

"పిల్ల గుంటూర్లో చేరితే మీరూ వచ్చెయ్యండి బావా. మా పక్క బిల్డింగులో మనిషి కావాలంటన్నారు. గది కూడా ఇస్తారు."

మర్నాడు జ్ఞానయ్య పిడుగురాళ్ళ వెళ్ళి ఒక ఫోనూ, తన పేరు మీద ఒక సిమ్మూ కొనుక్కొచ్చాడు. ఆ సంగతి సారమ్మకూ వందనకూ తప్ప ఎవరికీ తెలియదు. ఊళ్ళో ఆ ఫోను పలకదు కూడా. మెట్టపాలెం రాతికొండ కింద గుంటలో ఉంది. గురజాల రోడ్డు మీద కల్వర్టు దాటితే గానీ సిగ్నలు గీతలు కనపడవు. అందుకే ఫోను ఇంట్లో బియ్యం డబ్బాలో ఉండిపోయింది.

ముందే వెళ్ళవలసింది. తాను పనిచేసే ఆసామి వీరాంజనేయులు చేలో గింజలు పెట్టటం అయ్యేదాకా కదలటానికి లేకపోయింది. ఆ పొద్దున మాత్రం జ్ఞానయ్య చేలోకి పోకుండా, కూతురితో కలిసి మొదటి ఆటో ఎక్కాడు.

గురజాల బస్టాండు వెనక షాహిదా నెట్ సెంటరు. ఒకటే గది, రెండు కంప్యూటర్లు, గోడకు ఆనించిన బల్ల మీద నలుగురు పిల్లలూ వాళ్ళ నాన్నలూ. షాహిదా చున్నీ చివర నడుముకు దోపుకుని, కీబోర్డు వైపు చూడకుండానే కొడుతోంది.

"ఏం బాబాయ్, ఆఖరి రోజే దొరికిందా మీకు?"

"గింజలు పెడతన్నాం తల్లీ."

"ఈ మాట చెప్పినోళ్ళలో నువ్వు మూడోవోడివి. పల్నాడంతా పత్తేనా ఏంది?"

బల్ల మీదున్నవాళ్ళు నవ్వారు. జ్ఞానయ్యా నవ్వాడు.

వంతు వచ్చింది. వందన హాల్‌టికెట్ నంబరు చెప్పింది. షాహిదా కొట్టింది. పుట్టిన తేదీ కొట్టింది. తెర మీద ఖాళీ గడి ఒకటి వచ్చింది.

"ఓటీపీ పోయింది. ఫోను తియ్యి బాబాయ్."

జ్ఞానయ్య కొత్త ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. ముగ్గురూ దాని వైపే చూశారు. ఫోను ఊరుకుంది.

"కొత్తదా?"

"ఊఁ."

"దీనికి రాదు. పరీక్షకి కట్టినప్పుడు ఏ నంబరు ఇచ్చారో దానికే పోద్ది. చివర నలభై ఏడు అని చూపిస్తంది. ఎవరిది నలభై ఏడు?"

వందన తండ్రి మొహం చూసింది. ఇద్దరికీ తెలుసు. మెట్టపాలెం కాలనీలో పలక పట్టిన పిల్లకు కూడా ఆ నంబరు నోటికి వచ్చు.

అది వీరాంజనేయులు నంబరు.

కాలనీలో ఫోన్లు లేక కాదు. ఉన్నాయి, కానీ నిలవవు. చేతిలో ఉన్ననాడు రీచార్జి చేయించుకుంటారు, లేనినాడు ఊరుకుంటారు. కొన్నాళ్ళకు సిమ్ము చచ్చిపోతుంది. మళ్ళీ కొత్త సిమ్ము, కొత్త నంబరు. ఆధారు వచ్చినప్పుడు, బ్యాంకు ఖాతాలు తెరిచినప్పుడు, గ్యాసు ఇచ్చినప్పుడు, అడిగిన ప్రతివాళ్ళూ ఒకటే మాట చెప్పారు, మారని నంబరు ఇవ్వండని. ఊళ్ళో మారని నంబరు ఒకటే ఉంది, ఇంటి మీద యాంటెనా పెట్టించుకుని లోపలికి సిగ్నలు తెప్పించుకున్న వీరాంజనేయులిది. ఒకరు ఇచ్చారని ఒకరు ఇచ్చారు. బళ్ళో పిల్లల పేర్ల పక్కన కూడా అదే వేశారు.

వీరాంజనేయులు ఏనాడూ విసుక్కోలేదు. పొద్దున్నే కాఫీ తాగి వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. మెట్ల కింద కాలనీ నిలబడుతుంది. ఆయన ఫోను చెయ్యంత దూరం పెట్టి అంకెలు చదువుతాడు. "రాజమ్మా, గ్యాసు నీదేగా? విను. ఐదు, సున్నా, రెండు..." రాజమ్మ ఆ అంకెలు నోట్లో నానబెట్టుకుని పరుగెత్తుతుంది. దారిలో ఆమెను ఎవరూ పలకరించరు. పలకరిస్తే మర్చిపోతుంది, మర్చిపోతే తిడుతుంది.

అట్లా ఎవరి ఇంటికి సిలిండరు వచ్చిందో, ఎవరు ఆసుపత్రికి పోయారో, ఎవరి ఖాతాలో ఏం పడిందో వాళ్ళకంటే ముందు ఆయనకు తెలిసేది. "ఏరా, మీ ఆవిడ గుంటూరు పెద్దాసుపత్రిలో చీటీ రాయించుకుందంట, నాకు చెప్పలా?" అని నవ్వుతూ అడిగేవాడు. అడిగించుకున్నవాడు తల గోక్కునేవాడు.

వైరు మీద వచ్చే నెట్టు కూడా ఊళ్ళోకి వచ్చింది. మెయిన్‌రోడ్డు వెంట స్తంభాల మీదుగా వచ్చి, వీరాంజనేయులు గేటులోకి తిరిగి అక్కడితో ఆగింది. ఆ ఇంటి ప్రహరీ నాపరాళ్ళది. సాయంత్రమయితే కాలనీ కుర్రాళ్ళు ఆ నాపరాళ్ళకు వీపులు ఆనించి బయట వరసగా కూర్చుంటారు. ఆయన పొలంలోకి వచ్చేవాళ్ళ ఇళ్ళకే పాస్‌వర్డు చెబుతారు. కాలనీ నుంచి ఎవరైనా వేరే రైతు దగ్గరికి పోయారంటే, ఆ సాయంత్రం గోడ దగ్గర ఒక్క ఫోనూ పని చెయ్యదు. ఎవరు పోయారో కుర్రాళ్ళే కనుక్కుని, వాళ్ళింటి మీదికి పోతారు. ఆయన నోరు తెరిచి ఎవరినీ ఏమీ అనక్కర్లేదు.

"నంబరు మార్చటం కుదరదా తల్లీ?" అని జ్ఞానయ్య అడిగాడు.

"కుదురుద్ది. కానీ దానికీ ఓటీపీ పాత నంబరుకే పోద్ది. నరసరావుపేట పోయి కాగితాల మీద మార్చుకునేది నిన్నటితో అయిపోయింది. ఇప్పుడు ఎవరి దగ్గర్నుంచి పోవాలనుకుంటన్నావో ఆయన్ని అడిగే పోవాలి. అట్టా పెట్టారు." షాహిదా కుర్చీలో వెనక్కి వాలింది. "చెప్పు. లోపలికి పోయే ఓటీపీ అడుగుదామా, నంబరు మార్చేది అడుగుదామా? ఎట్టయినా ఆయనకి ఫోను చెయ్యాల్సిందే."

జ్ఞానయ్య ఆలోచించాడు. ఇన్నేళ్ళుగా మెట్ల కింద నిలబడి చూశాడు. వీరాంజనేయులు అంకెలే చదువుతాడు. అంకెల చుట్టూ ఉండే ఇంగ్లీషు ఏనాడూ పైకి చదవలేదు. ఆ ఇంగ్లీషు ఆయనకు రాదని కాలనీ అంతా అనుకుంటుంది. ఏ పనికి వచ్చిందో ఆయనకు తెలియదు, మనం చెబితేనే తెలుస్తుందని కూడా అనుకుంటుంది. జ్ఞానయ్యా అదే అనుకున్నాడు. ఒక్కసారి నంబరు మారిందంటే, ఆ తర్వాత వచ్చేవన్నీ ఈ బల్ల మీది ఫోనులోనే వస్తాయి. పిల్ల తనకు కావలసింది పెట్టుకుంటుంది.

"నంబరు మార్చేదే కొట్టు" అన్నాడు.

కొత్త ఫోను నుంచి చేస్తే ఆ నంబరు ఎవరిదని అడుగుతాడు. షాహిదా తన ఫోను ఇచ్చింది. రెండో మోతకే అటువైపు ఎత్తారు.

"ఎవురు?"

"నేనయ్యా, జ్ఞానయ్యని."

"ఏరా, పొద్దున్నించి కనపడలా. పైచేలో మోటారు నీళ్ళు గుంజటంలా."

"పిల్ల కాలేజీ పని మీద గురజాల వచ్చానయ్యా. మీకు ఒక నంబరు వస్తది, అది చెప్తే..."

"వచ్చింది. రెండొచ్చినయ్."

ఆ ఇంట్లో టీవీ మోగుతున్నట్టు వినిపించింది. తర్వాత గొంతు నెమ్మదిగా వచ్చింది.

"మొదటిది పిల్ల లోపలికి పోయేదానికి. రెండోది నంబరు మార్చేదానికి. ఇంగిలీషులో ఉంది గాని, ఆ మాత్రం నాకూ వస్తదిలే జ్ఞానయ్యా."

జ్ఞానయ్య బల్ల మీది కొత్త ఫోనును అరచేత్తో కప్పాడు.

"ఎండలో ఆడెందుకు అగచాట్లు? పిల్లని తీసుకుని ఇంటికి రా. మా ప్రత్యూష ఉందిగా, అది చేస్తది."

ఫోను పెట్టేశాడు. బయట ఎండ లేదు, మబ్బే ఉంది. జ్ఞానయ్య ఫోను షాహిదాకు తిరిగి ఇచ్చాడు.

"మళ్ళీ చెయ్యమంటావా బాబాయ్? లోపలికి పోయేది ఒక్కటే అడుగు."

"ఇంటికి రమ్మన్నాడు."

షాహిదా ఇంకేదో అనబోయి, వందనను చూసి మానేసింది. "ఆరింటి దాకా టైముంది. మీరొస్తే ఇంకెవరినీ కూర్చోబెట్టను, మీదే ముందు చేస్తా" అంది.

మెట్టపాలెం ఆటో నిండితే గానీ కదలదు. ముందు సీటులో తండ్రీ కూతురూ ఎదురు చూస్తూ కూర్చున్నారు. డ్రైవరు దిగి టీ తాగాడు. ఒక ముసలామె పచ్చిమిరపకాయల సంచితో ఎక్కింది. ఇంకా ఇద్దరు కావాలి.

"నాన్నా, ముందు లోపలికే పోయుంటే అయిపోయేదిగా" అంది వందన.

"ఊఁ."

"ఎంతసేపు, రెండు నిమిషాలు. నేను పెట్టేసుకునేదాన్ని."

"ఊఁ."

ఆటో కదిలి కల్వర్టు దాటగానే పిల్ల చేతిలోని ఫోనులో గీతలు ఒక్కొక్కటే పోవటం చూస్తూ కూర్చుంది.

వీరాంజనేయులు వసారాలోనే ఉన్నాడు. జేబున్న తెల్లబనీను, లుంగీ. కుర్చీ చేతి మీద ఫోను. మొహంలో కోపం లేదు. వందనను చూసి, "రామ్మా, ఎంత పెద్దదానివయ్యావే! లోపల అక్క ఉంది, పో" అన్నాడు. జ్ఞానయ్యతో, "నువ్వెందుకు కూర్చోటం? ఒకసారి పైచేలోకి పోయి మోటారు సంగతి చూసిరా. ఇది ఆడపిల్లల పని" అన్నాడు.

"ఆరింటికి అయిపోద్దంటయ్యా."

"ఆరెప్పుడు, ఇప్పుడెప్పుడు? పోయిరా."

జ్ఞానయ్య పైచేలోకి పోయాడు. మోటారుకు ఏమీ కాలేదు, నీళ్ళ పైపు నోట్లో నాచు అడ్డం పడింది. అది తీసి, మళ్ళీ ఆన్ చేసి, నీళ్ళు పడటం చూసి వచ్చాడు. తిరిగి వచ్చేసరికి వీరాంజనేయులు భోంచేసి నిద్రపోతున్నాడు. ఫోను దిండు కింద ఉంది.

వందన వసారా మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన ప్రత్యూష, వీరాంజనేయులు చిన్నకూతురు. విజయవాడలో ఇంజినీరింగ్ చదువుతోంది. ఒళ్ళో ల్యాప్‌టాప్. నాలుగు గంటల పాటు క్లాసు కంప్యూటర్లోనే విన్నానని, బోరు కొట్టి మధ్యలో ఒక సినిమా కూడా చూశానని వందనకు చెబుతోంది.

"జ్ఞానయ్యా, వచ్చావా? నాన్న లేవగానే చేసేద్దాం. నాది నేను మంచం మీద పడుకుని పెట్టుకున్నా తెలుసా, ఫోన్లోనే. ఇదెంతసేపు?"

"లేపితే బాగుండమ్మా" అన్నాడు జ్ఞానయ్య.

ప్రత్యూష లోపలికి పోయి వచ్చింది. "కాసేపాగమన్నాడు."

పెరట్లో సారమ్మ గిన్నెలు తోముతోంది. వీరాంజనేయులు భార్య అనసూయమ్మకు మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నప్పటి నుంచి ఆ ఇంటి పని సారమ్మదే. ఆమె ఒకసారి గోడవారన తల పెట్టి చూసింది. జ్ఞానయ్య తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్ళీ గిన్నెల్లోకి పోయింది.

నీడలు లేని రోజు కాబట్టి పొద్దు ఎంత పోయిందో చూస్తే తెలియదు. వందన మాటిమాటికీ ల్యాప్‌టాప్ మూల ఉన్న గడియారం వైపు చూస్తోంది. నాలుగున్నర దాటాక వీరాంజనేయులు లేచాడు. మొహం కడుక్కుని, టీ తాగి, కుర్చీలో కూర్చున్నాడు.

"ఆఁ, కానివ్వండి."

లోపలికి పోయే ఓటీపీ ఆయన వెంటనే చదివాడు. ఎప్పటిలాగే చెయ్యి చాచి, ఒక్కో అంకె విడివిడిగా. తెర తెరుచుకుంది. వందన మొహం వెలిగింది. ఆమె ప్రత్యూష భుజం పక్కన మోకాళ్ళ మీద నిలబడి, కాగితం అక్కర్లేకుండా కాలేజీలు చెప్పుకుపోయింది.

"గుంటూరు మొదటిదక్కా. ఎలక్ట్రానిక్సు. రెండోదీ అదే కాలేజీ, కంప్యూటర్సు. మూడోది..."

"మాచర్లలో లేదేందే?" అని వీరాంజనేయులు అడిగాడు.

"ఒక ప్రైవేటుది ఉంది నాన్నా" అంది ప్రత్యూష.

"అది పైన పెట్టు. బస్సు మన రోడ్డు మీదే పోద్ది. పొద్దున పోయి సాయంత్రానికి ఇంట్లో పడుద్ది పిల్ల. ఫీజు సంగతి ఏదన్నా ఉంటే నేను చూస్తాలే."

వందన ప్రత్యూష వైపు చూసింది. "గుంటూరేనక్కా" అంది మెల్లగా.

ప్రత్యూష తండ్రి వైపు చూడకుండా గుంటూరు పైన పెట్టింది. చివరికి ఎక్కడో మాచర్లది కూడా చేర్చింది. "అయిపోయింది. ఇక ఖాయం చెయ్యటమే" అని నొక్కింది.

వీరాంజనేయులు చేతిలో ఫోను టింగుమంది.

ఖాయం చెయ్యటానికి ఇంకో ఓటీపీ కావాలి. అందరూ ఆయన వైపు చూశారు. ఆయన ఫోను చూశాడు. ఈసారి చెయ్యంత దూరం పెట్టలేదు. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని మొత్తం చదివాడు, లోపల్లోపల. తర్వాత ఫోను కుర్చీ చేతి మీద బోర్లా పెట్టాడు.

"నాన్నా, పది నిమిషాలే ఉంటది" అంది ప్రత్యూష.

"ఉండనీ." ఆయన జ్ఞానయ్య వైపు తిరిగాడు. "ఏరా, గుంటూరు పంపిస్తావా ఆడపిల్లని?"

జ్ఞానయ్య మెట్ల కింద నిలబడి ఉన్నాడు. రోజూ నిలబడే చోటే.

"పిల్ల గుంటూరు పోద్ది. పిల్ల ఎనకాల సారమ్మ పోద్ది. సారమ్మ ఎనకాల నువ్వు పోతావు. సాల్మన్ రాజు మొన్న ఊళ్ళోకి ఎందుకొచ్చాడో నాకు తెలవదా? నాకు కోపమేం లేదురా. నువ్వు పోతే నీళ్ళు ఎవడు కడతాడు, చెప్పు. ఈ వయసులో నేను చేలో దిగాల్నా?"

"అట్టా కాదయ్యా."

"మరెట్టా? నంబరు మార్చాలంటే ఫోను కొనే ఉంటావు. మంచిదే. నాతో చెప్పుంటే నేనే కొనిపెట్టేవోడిని. ఇన్నేళ్ళల్లో మీ కాలనీలో ఒక్కళ్ళకన్నా నంబరు చదవనన్నానా? అర్ధరాత్రి పురుడొస్తే లేచి చదివా. చదవనన్నానా?"

"అనలేదయ్యా."

"మరి నా నంబరు నిన్నేం చేసిందిరా?"

ఆ మాట అడుగుతున్నప్పుడు ఆయన గొంతు నిజంగానే నొచ్చుకున్నట్టు ఉంది. పెరట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కొంతసేపటికి తెర మీద గడి ఎర్రబడింది.

"టైము అయిపోయింది నాన్నా. మళ్ళీ పంపిస్తా. మూడుసార్లే పంపుద్దంట."

మళ్ళీ టింగుమంది. ఆయన దాన్ని ఎత్తలేదు కూడా.

"మాచర్ల పైన పెట్టు. చదువుతా."

"నాన్నా, చెప్పెయ్. దాని ర్యాంకుకి..."

"నువ్వూరుకో ప్రత్యూషా. నీకు తెలవదు."

ప్రత్యూష వేళ్ళు కీబోర్డు మీద పెట్టుకుని, దేనినీ నొక్కకుండా కూర్చుంది.

అనసూయమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఏందిరా జ్ఞానయ్యా, మంచి చెప్తంటే! నా మోకాళ్ళు చూస్తన్నావుగా. సారమ్మ లేకపోతే నేను మంచినీళ్ళు కూడా ముంచుకు తాగలేను" అంది. ఆమె మాటలో బెదిరింపు లేదు, భయమే ఉంది.

జ్ఞానయ్య తలెత్తాడు. జీవితంలో ఆ వసారా ముందు అతను ఎదురు మాట అనలేదు. వాళ్ళ నాన్న అనలేదు.

"గుంటూరేనయ్యా" అన్నాడు. "పిల్ల అడుగుతంది."

వీరాంజనేయులు తల ఊపాడు, బేరం కుదరనివాడు ఊపినట్టు.

"సరే. నీ పిల్ల, నీ ఇష్టం." ఫోను తీసి బనీను జేబులో వేసుకున్నాడు. "రేపు పొద్దున రా, కాఫీ అయ్యాక చదువుతా. నంబరు మార్చేది కూడా రేపే చదువుతా. నీ గ్యాసుదీ, నీ బ్యాంకుదీ, సారమ్మ ఆధారుదీ అన్నీ మార్చుకో. ఒక్కోదానికి ఒక్కోటి వస్తదిగా. చదువుతూనే ఉంటా."

"ఈ రోజే ఆఖరంటయ్యా."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

రెండోదీ ఎర్రబడింది. ల్యాప్‌టాప్ మూల గడియారం ఐదూ నలభై దాటింది. గురజాలకు ఆటోలో పోయినా అందదు. అందినా అక్కడ చెయ్యటానికి ఏముంది, ఓటీపీ వచ్చేది ఈ జేబులోకే. జ్ఞానయ్య మెట్టు మీద ఒక కాలు పెట్టాడు. ఆ జేబు చేతికి అందేంత దూరంలోనే ఉంది. వీరాంజనేయులు ఆ కాలు వైపు చూశాడు. జ్ఞానయ్య కాలు వెనక్కి తీసుకున్నాడు. నడుము వంగింది. చేతులు రెండూ దగ్గరికి వస్తున్నాయి.

"మార్చక్కా" అంది వందన.

తండ్రి చేతులు కలవకముందే అంది. ప్రత్యూష ఆమె వైపు తిరిగింది.

"మాచర్ల పైన పెట్టక్కా. తొందరగా."

"వందనా..." అన్నాడు జ్ఞానయ్య.

పిల్ల తండ్రి వైపు చూడలేదు. తెర మీద గుంటూరు ఒక్కో వరసా కిందికి జరగటం చూస్తూ ఉంది. ప్రత్యూషకు అది జరపటం సరిగ్గా కుదరలేదు, వేలు జారింది. వందనే చెయ్యి చాచి జరిపింది. మాచర్ల పైకి వచ్చింది. ప్రత్యూష నొక్కింది. బనీను జేబులో టింగుమంది.

వీరాంజనేయులు ఫోను తీసి, చెయ్యంత దూరం పెట్టి, చదివాడు.

"తొమ్మిది. ఒకటి. ఒకటి. ఆరు. సున్నా. మూడు."

తెర పచ్చబడింది. మీ ఎంపిక ఖాయమయింది, ఇక మార్చటానికి వీలు లేదు అని ఇంగ్లీషులో ఉన్న మాటను ప్రత్యూష తెలుగులో చెప్పింది. చెప్పి ల్యాప్‌టాప్ మూసేసింది.

"అదీ" అన్నాడు వీరాంజనేయులు. ఆయన మొహం విప్పారింది. "బంగారు తల్లి. చూశావురా, నీకంటే నీ కూతురికే తెలివుంది. మాచర్లలో చదివితే చదువు కాదా? అనసూయా! వీళ్ళు పొద్దున్నించి ఏం తిన్నట్టు లేదు. అన్నం పెట్టు. నాకూ వీళ్ళతోనే పెట్టు, అందరం తిందాం."

"ఇంటికి పోయి తింటామయ్యా."

"కూకోరా."

వెనక వసారాలో సారమ్మ చాప పరిచింది. తాను ఇందాక తోమిన పళ్ళేలే తెచ్చి వరసగా పెట్టింది. జ్ఞానయ్య కూర్చున్నాడు, పక్కన వందన. అనసూయమ్మ గుమ్మం పట్టుకుని నెమ్మదిగా వచ్చి, అన్నం వడ్డించమని సారమ్మకు గిన్నె ఇచ్చింది. సారమ్మ భర్తకూ కూతురికీ వడ్డించి, తానూ ఒక పళ్ళెం పెట్టుకుని గోడ వైపు కూర్చుంది. వీరాంజనేయులు స్టూలు ముందు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ప్రత్యూష తన పళ్ళెం తెచ్చుకుని, తండ్రి పక్కనున్న కుర్చీ వదిలేసి, చాప మీద వందన పక్కన కూర్చుంది. ఆయన చూశాడు.

పప్పు, వంకాయ కూర, గోంగూర. ముందు ఎవరూ చెయ్యి పెట్టలేదు. వీరాంజనేయులు మొదటి ముద్ద పెట్టుకున్నాక జ్ఞానయ్య కలిపాడు. సారమ్మ కలిపింది. అన్నం వేడిగా ఉంది. వీరాంజనేయులు ఒకసారి ఏదో అందామని తలెత్తి, నలుగురివీ వంగిన తలలు చూసి మళ్ళీ పళ్ళెంలోకి వంగాడు.

అనసూయమ్మ కుంటుకుంటూ మజ్జిగ గిన్నె తెచ్చింది. అందరికీ పోస్తూ వందన దగ్గరికి వచ్చింది. పిల్ల చెయ్యి అడ్డం పెట్టలేదు, చాలనీ అనలేదు. పోసినంతా కలుపుకుని, చివరి మెతుకు దాకా తింది.